శాలువా కప్పితే రెండర్ అవదు సార్

సంపాదకుడు గారికి,

విజయనగరంలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, రిటైర్మెంట్ సన్మానాలు, ఇదే మా బతుకుతెరువు. సన్మానాలు షూట్ చేసీ చేసీ శాలువా ఖరీదు కెమెరాలోంచే చెప్పేయగలను కాబట్టి, పురస్కారాల గురించి మాట్లాడే హక్కు నాకూ కొంచెం ఉందనుకుంటున్నాను.

మొన్న మీ జిల్లా పేజీలో ఒకేరోజు మూడు స్మారక పురస్కారాల ప్రకటనలు చూశాను. రెండు కవిత్వానికి, ఒకటి కథకి. సంతోషమే. మా ఊళ్లో కథకుడు చాసో పేరిట స్ఫూర్తి పురస్కారం ఉంది, దాన్ని ఆయన కూతురు తులసి గారు పెట్టారు, రాసేవాళ్లకి అదెంత గౌరవమో ఇక్కడ అందరికీ తెలుసు. నా గోలల్లా ఒకటే. అప్పుచేసి సొంతంగా సినిమా తీసుకునే కుర్రాళ్లకి, గదిలో కూర్చుని బొమ్మలు కదిలించేవాళ్లకి ఇలాంటి ఆసరా మన జిల్లాల్లో కనపడదేం?

మనవాళ్లకి ఆ ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. మా విజయనగరంలోనే పుట్టిన గొల్లపూడి మారుతీరావు గారి అబ్బాయి శ్రీనివాస్ తన మొదటి సినిమా తీస్తూ 1992 ఆగస్టు 12న విశాఖ సముద్రంలో కొట్టుకుపోయాడు. ఆ సినిమా ‘ప్రేమ పుస్తకం’, అందులో హీరో ఇప్పటి తమిళ స్టార్ అజిత్. మిగిలిన షూటింగ్ తండ్రే పూర్తిచేసి 1993లో విడుదల చేశారు. కొడుకు మిగిల్చిన పని తండ్రి పూర్తిచేయడం ఎలా ఉంటుందో ఊహించుకోడానికి కూడా నాకు మనసొప్పదు. తర్వాత ఆయన కొడుకు పేరిట ఒక జాతీయ పురస్కారం పెట్టి, ఏ భాషవాళ్లయినా సరే, తొలి సినిమా తీసిన దర్శకుడికి ఆగస్టు 12నే చెన్నైలో లక్షన్నర రూపాయలూ జ్ఞాపికా ఇస్తూ వచ్చారు. ‘తారే జమీన్ పర్’కి ఆమిర్ ఖాన్ తీసుకున్నాడు. ఆయనకి ఆ లక్షన్నర అవసరం లేదనుకోండి, కానీ తొలి సినిమా అన్నది రూలు, రూలు ప్రకారం ఇచ్చారు, తప్పు పట్టను. 2019 డిసెంబరులో మారుతీరావు గారూ వెళ్లిపోయారు.

ఆ పురస్కారం మీద నాకు చాలా గౌరవం. అయినా అది సినిమా పూర్తయిన తర్వాత వచ్చేది. పూర్తికాకుండానే ఆగిపోయేవాళ్ల సంగతేమిటన్నదే నా బాధ.

మా స్టూడియోకి రాత్రి తొమ్మిది దాటాక ఒక కుర్రాడొస్తాడు. పగలు ఒక చోట ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాడు, రాత్రి నా సిస్టమ్ మీద యానిమేషన్ చేసుకుంటాడు. మా ఊరి పైడితల్లి జాతరలో సిరిమాను (చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) చూడ్డానికెళ్లి వాళ్ల అమ్మమ్మ చిన్నప్పుడు జనంలో తప్పిపోయిందట, ఆ కథ. నిడివి నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాలే కదా అనుకున్నాను నేను కూడా. సెకనుకి పన్నెండు బొమ్మలు వేసుకున్నా 2,880 బొమ్మలు కావాలి. సిరిమాను ఊగే ఒక్క షాటుకే వారం పట్టింది, ఎందుకంటే మాను వంగినప్పుడు చివర కూర్చున్న పూజారి ముందుకి వాలాలి కానీ మానుతోపాటు కాదు, అర సెకను ఆలస్యంగా వాలాలట, అప్పుడే బరువు తెలుస్తుందట. మొన్న వేసవిలో రాత్రంతా రెండర్ పెట్టి, అంటే బొమ్మలన్నిటినీ వీడియోగా మార్చే పని కంప్యూటర్‌కి అప్పజెప్పి, ఇంటికెళ్లాం. కరెంటు పోయింది, యూపీఎస్ ఏడు నిమిషాలు లాగి చేతులెత్తేసింది, పొద్దున్న చూస్తే 92 శాతం దగ్గర ఆగి ఉంది. వాడేమీ అనలేదు, టీ తాగి మళ్లీ మొదలుపెట్టాడు. నాకే ఏడుపొచ్చింది.

వీడికి అంతకుముందు చేసిన చిన్న ఫిల్మ్‌కి ఒక సంస్థ (పేరెందుకు లెండి) ఎవరో పెద్దాయన స్మారక పురస్కారం ఇచ్చింది. వేరే జిల్లా, దారి ఖర్చులు సొంతం. సభ మూడు గంటలు నడిచింది, వక్తలు పదకొండు మంది. వీడి సినిమా మాత్రం వేయలేదు, ప్రొజెక్టర్ కేబుల్ దొరకలేదట! శాలువా, దండ, గాజు జ్ఞాపిక పట్టుకుని రాత్రి బస్సులో వచ్చాడు. “బాబాయ్, దీన్ని అమ్మితే ర్యామ్ వస్తుందా?” అని నవ్వాడు. ఆ జ్ఞాపిక ఇప్పుడు నా షాపులో బిల్లు కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాం. ఇది నయం, ఆన్‌లైన్‌లో ఇంకో రకం ఉన్నాయి. ఎంట్రీ ఫీజు డాలర్లలో కట్టించుకుని, కట్టిన ప్రతివాడికీ రెండు ఆకుల కొమ్మల మధ్య పేరు రాసిన బొమ్మ ఒకటి మెయిల్లో పంపేస్తారు. పిల్లలు అది పోస్టర్ మీద అంటించుకుని మురిసిపోతారు.

మనవాళ్లకి చేతకాక కాదు. ‘లైఫ్ ఆఫ్ పై’లో కంప్యూటర్ మీద పులికి ప్రాణం పోసినవాళ్లలో ఆ గ్రాఫిక్స్ కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లోనే. అంత పని వచ్చినవాళ్లు సొంత కథ, సొంత యాసలో చెప్పుకుందామంటే జీతం మానుకుని ఆరు నెలలు కూర్చోవాలి, ఆ ఆరు నెలల అద్దె ఎవరిస్తారు?

ప్రభుత్వం ఇవ్వదా అంటారు. నంది అవార్డుల్లో లఘుచిత్రాలకి, డాక్యుమెంటరీలకి కూడా చోటుండేది. 2014, 15, 16 సంవత్సరాలవి కలిపి 2017లో ప్రకటించారు, ఆ తర్వాత ఆగిపోయాయి. తెలంగాణలో గద్దర్ పేరిట పెట్టి 2025 జూన్‌లో ఘనంగా ఇచ్చారు, మంచి పనే, కానీ ఆ వేదిక మీద వెలుగంతా అప్పటికే కోట్లమంది చూసేసిన సినిమాల మీదే పడింది. కేరళలో ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీ దర్శకులు తీసే సినిమాలకి ప్రభుత్వ సంస్థే కోటిన్నర దాకా పెడుతోంది, అదీ తీయకముందే. అక్కడ దర్శకుడు అరవిందన్ పేరిట ఫిల్మ్ సొసైటీవాళ్లు తొలి దర్శకులకి పురస్కారం ఇస్తారు. మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం (హిందీ హీరో కాదు) అయితే ఊరూరూ తిరిగి జనం దగ్గర చందాలు పోగుచేసి 1986లో ‘అమ్మ అరియాన్’ తీశాడు. చందాలు పోగెయ్యడం మనకి తెలీని విద్యా? వినాయక చవితికి మా వీధిలో ఎంత వసూలవుతుందో మీకు తెలిస్తే ఆశ్చర్యపోతారు.

అమ్మానాన్నల పేరు మీద, పోయిన బిడ్డల పేరు మీద పురస్కారం పెడదామనుకునేవాళ్లకి నా మనవి. అమెరికాలో ఉండి ఊరికి ఏదైనా చేద్దామనుకునేవాళ్లకి కూడా. సగం డబ్బు ముందివ్వండి. స్క్రిప్టూ, స్టోరీబోర్డూ (షాట్ల వారీగా ముందే గీసుకున్న బొమ్మలు), ఓ నిమిషం శాంపిలూ చూసి ఇవ్వండి, మిగతా సగం పూర్తయ్యాక ఇవ్వండి. ఒకరిద్దరు మధ్యలో ఎగ్గొడతారు, పంట వేసిన ప్రతిసారీ పండుతుందా ఏమిటి. యానిమేషన్‌ని మామూలు షార్ట్ ఫిల్ములతో కలిపి తూచకండి, ఇద్దరు స్నేహితులు ఫోనుతో ఆదివారం తీసిందీ రెండేళ్లు గీసిందీ ఒకే కాటాలో పెడితే ఎలా? న్యాయనిర్ణేతల్లో ఒక్కరైనా చేత్తో బొమ్మ గీసినవారు ఉండాలి. ఎంట్రీ ఫీజు వద్దు. సభలో ముందు సినిమా వెయ్యండి, ఉపన్యాసాలు తర్వాత, కేబుల్ నేనే తెచ్చిస్తాను.

ఊరికే సలహాలిచ్చి ఊరుకోవడం లేదు. మా నాన్నగారి సంవత్సరీకానికి ఈసారి భోజనాలు ఇంట్లోవాళ్ల వరకే పెట్టుకుని, మిగిలిన డబ్బుతో ఆ కుర్రాడికి నాలుగు టెరాబైట్ల హార్డ్ డిస్కు, కొత్త యూపీఎస్ బ్యాటరీ కొనిచ్చాను. టైటిల్స్‌లో నాన్న పేరు వేశాడు, నిన్న చూపించాడు. ఇంటిపేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది, రాత్రికి వస్తే సరిచేయించాలి.

ఇట్లు,
ఒక ఫోటో స్టూడియో యజమాని,
విజయనగరం