బడిలో పాచికలు ఎందుకు?

తల్లిదండ్రులకు నమస్కారం.

"బడిలో పాచికలేంటండీ మేడమ్?" అని మొన్న ఒక తాతగారు గేటు దగ్గరే నన్ను నిలేశారు. మనవడి జేబులో 20 ముఖాల పాచిక దొరికిందట. ఆయనకి శకుని గుర్తొచ్చి ఉంటాడు, తప్పుపట్టను. ఆయనకి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

శనివారం ఆఖరి పీరియడ్‌లో ఏడో తరగతి పిల్లల చేత ఇంగ్లీషు కోసం రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడిస్తున్నాం. ఈ తరహా ఆటలకు మూలం 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్. ఫోను అక్కర్లేదు. ఒకరు కథ నడుపుతారు. మిగతా నలుగురైదుగురు తలా ఒక పాత్ర కట్టి, "నేనిది చేస్తాను" అంటూ పోతారు. చేయగలిగారో లేదో పాచిక తేలుస్తుంది. బుర్రకథ చూసినవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది, కాకపోతే ఇక్కడ వంతలే కథని మలుపు తిప్పేస్తారు.

మా కథ కొండపల్లి ఖిల్లాలో. రాత్రయితే తెల్లపొణికి కర్ర బొమ్మలకి ప్రాణం వస్తుంది. గోల్కొండ దర్వాజా దగ్గర ఒక ముసలి కాపలాదారు, అతనికి ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు. (ఎందుకు రాదని పిల్లలెవరూ అడగలేదు, మీరూ అడక్కండి.)

జూన్ నుంచీ ఇంగ్లీషు క్లాసులో నోరు విప్పని అబ్బాయి ఒక శనివారం మాంత్రికుడు. లేచి "ఐ గో డోర్" అన్నాడు. కాపలాదారు వేషంలో ఉన్న టీచర్ "వై షుడ్ ఐ ఓపెన్ ఇట్?" అంది. వాడు కాసేపు చొక్కా గుండీ తిప్పి తిప్పి, "ఇఫ్ యూ ఓపెన్, ఐ విల్ గివ్ యూ... పులిహోర" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది, వాడూ నవ్వాడు. కాపలాదారు ఒప్పుకోవాలంటే 12 గానీ ఆపైన గానీ పడాలి, అంటే 20లో 9 అవకాశాలు. 14 పడింది! ఇఫ్ ఉన్న ముక్కలో విల్ రాకూడదు, రెండో ముక్కలో రావాలి అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశామో, వాడు ఆటలో దాన్ని సరిగ్గా అనేశాడు. తప్పొస్తే మాంత్రికుడిది, తనది కాదు. వాడి నోరు తెరిపించింది ఆ ధైర్యమేనని నా నమ్మకం.

మొదట్లో మాకు బెడిసికొట్టింది. రెండు వారాలూ అంతా తెలుగే, ఎవరెదురొచ్చినా "అటాక్" ఒక్కటే మాట. అందుకే, తమలో తాము పన్నాగాలు తెలుగులో పన్నుకోవచ్చు, కథలోవాళ్లతో మాత్రం ఇంగ్లీషే అని నియమం పెట్టాం. కొడితే పడని కాపలాదారుని అప్పుడే దింపాం. బతిమాలక తప్పక "కుడ్ యూ ప్లీజ్" వచ్చింది. ఆట మధ్యలో ఎవరినీ దిద్దం, టీచర్ తప్పులు కాగితం మీద రాసుకుంటుంది. సోమవారం వాటి గురించి మాట్లాడి, జరిగిన కథని భూతకాలంలో ఒక పేజీ రాయిస్తాం.

స్పెల్లింగులు దీంతో బాగుపడలేదు, డిక్టేషన్ మామూలుగానే జరుగుతుంది. మార్కులు పెరుగుతాయని కూడా మాటివ్వను.

పాచికలు కొనకండి. 1 నుంచి 20 దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకుంటే చాలు.

తాతగారు పోయిన శనివారం వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పిల్లలు ఊరుకోలేదు, రెండో దర్వాజాకి కాపలా పెట్టారు. ఆయన మీసం దువ్వి, "నో పులిహోర. ఓన్లీ గోంగూర" అన్నారు. మీలో ఎవరైనా రాదలిస్తే పిల్లల డైరీలో ఒక ముక్క రాసి పంపండి. కాపలా ఉద్యోగాలు ఇంకా ఖాళీగా ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
విజయవాడ