ఒట్టి ‘స్మిత్’ అంటే ఏ స్మిత్?

సంపాదక మహాశయులకు నమస్కారం.

విదేశీయుల వార్తలు ఇచ్చేటప్పుడు మన తెలుగు పత్రికలు శీర్షికలోనూ, చాలాసార్లు వార్త పొడవునా కూడా ఇంటిపేరు ఒక్కటే వేసి ఊరుకుంటున్నాయి. తక్కిన పేర్ల సంగతి ఎలా ఉన్నా, ‘స్మిత్’ దగ్గర మాత్రం ఈ పద్ధతి పాఠకులను తికమకపెడుతోంది. లోహపు పని చేసేవారికి వృత్తిని బట్టి స్థిరపడిన ఈ ఇంటిపేరు ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది. 2010 జనాభా లెక్కల ప్రకారం ఒక్క అమెరికాలోనే స్మిత్‌లు 24 లక్షలకు పైగా ఉన్నారు.

2025 జూలైలో బర్మింగ్‌హామ్ టెస్టులో మన సిరాజ్ ఆరు వికెట్లు తీసిన ఇన్నింగ్స్‌లోనే 184 పరుగులతో అజేయంగా నిలిచింది ఇంగ్లండ్ వికెట్ కీపర్ జేమీ స్మిత్. అప్పుడప్పుడూ మాత్రమే క్రికెట్ చూసేవారికి స్మిత్ అనగానే ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మితే గుర్తొస్తాడు. 2003లో అయితే, ఇంగ్లండ్‌లో వరుసగా రెండు టెస్టుల్లో 277, 259 పరుగులు చేసింది దక్షిణాఫ్రికా కెప్టెన్ గ్రేమ్ స్మిత్ కాగా, అదే సిరీస్‌లో ఇంగ్లండ్ తరఫున ఎడ్ స్మిత్ అరంగేట్రం చేశాడు.

గ్రూప్స్ పరీక్షలకు చదివేవారికి అర్థశాస్త్రంలో ఆడం స్మిత్, చరిత్రలో సముద్రగుప్తుణ్ణి ‘ఇండియన్ నెపోలియన్’ అన్న విన్సెంట్ స్మిత్ తారసపడతారు. మొదటివారు స్కాట్లాండ్ వారు, రెండోవారు డబ్లిన్‌లో పుట్టారు.

నన్ను ఎక్కువగా బాధించే విషయం మరొకటి ఉంది. ఒట్టి స్మిత్ అని చదివితే మనకు తెల్లదొరే మనసులో మెదులుతాడు. కానీ అమెరికా స్మిత్‌లలో నూటికి 23 మంది దాకా నల్లజాతీయులే. బానిసత్వ కాలంలో యజమానుల నుంచి సంక్రమించిన ఇంటిపేర్లు కొన్ని, 1865లో విముక్తి వచ్చాక తమకు తాముగా ఎంచుకున్నవి కొన్ని ఆ కుటుంబాల్లో నిలిచిపోయాయి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగును 19.83 సెకన్లలో ముగించి, జాతి వివక్షకు నిరసనగా విజయవేదిక మీద నల్ల తొడుగు వేసుకున్న పిడికిలి ఎత్తి నిలబడ్డ టామీ స్మిత్ టెక్సాస్‌లో పుట్టిన కౌలు రైతు బిడ్డ. అలాంటి మనిషిని పేరు సగం కోసి పరిచయం చేయడం న్యాయం కాదు.

మన తెలుగువాళ్ల వార్తల్లో సాధారణంగా ఇంటిపేరొక్కటే వేసి సరిపెట్టడం లేదు గదా! అందుచేత విదేశీయుల విషయంలోనూ మొదటి ప్రస్తావనలో పూర్తి పేరు, దేశం తప్పక ఇవ్వాలనీ, శీర్షికలో చోటు చాలనప్పుడు ఇంటిపేరుకు బదులు ‘జేమీ’, ‘స్టీవ్’ అని సొంత పేరే వేయాలనీ మీ డెస్కు వారికి సూచించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, తెనాలి