స్వలింగ జంటల విషయంలో మన ఎంపీలు నోరు విప్పాలి

సంపాదకుడు గారికి,

స్వలింగ జంటల పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడం తమ చేతిలో లేదని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న తేల్చింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదన్న దగ్గర అయిదుగురు న్యాయమూర్తులదీ ఒకే మాట. పెళ్లి కాకపోయినా ఆ జంటల బంధానికి ఏదో ఒక గుర్తింపు ఉండాలని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు. మిగతా ముగ్గురూ ఒప్పుకోలేదు. కేసు వేసినవాళ్లలో మొదట కనిపించే సుప్రియో, అభయ్ హైదరాబాద్‌లో కలిసి ఉంటున్న జంట. ఆ తీర్పును మళ్లీ పరిశీలించమన్న రివ్యూ పిటిషన్లనూ 2025 జనవరి 9న కొట్టేశారు. కోర్టు తలుపు ప్రస్తుతానికి మూసుకున్నట్టే.

ఇది చట్టసభలు తేల్చాల్సిన విషయమని కేంద్రం కోర్టులో గట్టిగా వాదించింది. కోర్టు కూడా చివరికి ఆ మాటే చెప్పింది. అలాంటప్పుడు తేల్చాల్సిన బాధ్యత ఎవరి మీద పడింది? మనం ఓట్లేసి పంపినవాళ్ల మీదే కదా. పార్లమెంటు ఇప్పటిదాకా చట్టం చేయలేదు. ప్రత్యేక వివాహ చట్టాన్ని సవరించాలంటూ 2022లో ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ప్రైవేటు బిల్లు (ప్రభుత్వం తరఫున కాకుండా సభ్యులు సొంతంగా పెట్టేది) పెట్టారు. అది బిల్లుగానే మిగిలిపోయింది.

ఇందులో ఒక్క పార్టీని తప్పుపట్టి ఊరుకోలేం. 2023లో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగినప్పుడు రాజస్థాన్, అస్సాం, ఆంధ్రప్రదేశ్ వ్యతిరేకం అన్నాయి. అప్పుడు రాజస్థాన్‌లో కాంగ్రెస్, అస్సాంలో బీజేపీ, మన దగ్గర వైఎస్సార్‌సీపీ అధికారంలో ఉన్నాయి. మిగతా అన్నింట్లో కొట్టుకునే మూడు పార్టీలు దీంట్లో మాత్రం ఒక్కటయ్యాయి. మత పెద్దలను సంప్రదించి ఈ అభిప్రాయానికి వచ్చామని ఆంధ్రప్రదేశ్ చెప్పింది. మత పెద్దలను అడగొద్దని నేననను. కానీ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వచ్చిందే మతాచారాలతో పని లేకుండా పెళ్లి చేసుకోవాలనుకునే వాళ్ల కోసం. దాన్ని మార్చాలా వద్దా అన్నప్పుడు మత పెద్దల మాటే ఆఖరి మాట ఎలా అవుతుంది?

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది. స్వలింగ జంటలు ఉమ్మడి ఖాతా తెరవవచ్చనీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చనీ అందులో చెప్పారు. సమస్య సగం తీరిపోయిందని చాలామంది అనుకున్నారు. ఈ రెండింటికీ అంతకుముందూ అడ్డేమీ లేదు. ఇద్దరు స్నేహితులు కలిసి ఖాతా తెరిస్తే ఏ బ్యాంకూ కాదనదు. అసలు చిక్కు మనిషి పోయాక మొదలవుతుంది.

మా బ్రాంచికి ఇద్దరు ఆడవాళ్లు ఎప్పుడూ కలిసే వచ్చేవారు. ఇద్దరిదీ ఒకే అడ్రసు. ఒకావిడ చనిపోయింది. డిపాజిట్లన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి, రెండో ఆవిడ నామినీ. మరణ ధ్రువపత్రం తెచ్చి ఇచ్చింది, మేం రూల్ ప్రకారం డబ్బు చెల్లించాం. తర్వాత పోయినావిడ అన్నదమ్ములు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకుని బ్రాంచికి వచ్చారు. బ్యాంకుకు ఏ ఇబ్బందీ లేదు, నామినీకి చెల్లిస్తే మా బాధ్యత తీరిపోతుంది. లాయరు నోటీసు ఆవిడకు వెళ్లింది. ఆ డిపాజిట్లలో తన జీతం డబ్బు కూడా ఉందని చెప్పింది, అయితే కాగితం మీద చూపించలేకపోయింది. మొత్తం తిరిగి ఇచ్చేసింది. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే తప్ప సొంతదారు కాదని సుప్రీంకోర్టు బీమా విషయంలో 1983లోనూ, షేర్ల విషయంలో 2023 డిసెంబర్‌లోనూ చెప్పింది. వారసత్వ చట్టంలో ఆ రెండో ఆవిడకు చోటు లేదు. సర్క్యులర్లు ఎన్ని ఇచ్చినా ఆ చోటు రాదు.

వీలునామా రాసుకుంటే సరిపోతుంది కదా అంటారు. ఆస్తి వరకు రాసుకోవచ్చు. ఫ్యామిలీ పెన్షన్ వీలునామాతో రాదు. ఇంట్లో ‘కుటుంబం’ కింద లెక్కకొచ్చేవాళ్లు ఉంటే పీఎఫ్‌కు బయటివాళ్లను నామినీగా పెట్టినా చెల్లదు. బీమాలో నామినీయే హక్కుదారు కావాలంటే తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో అయి ఉండాలి. భాగస్వామి ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉంటే సంతకం పెట్టమని ఆ భాగస్వామినే పిలుస్తారన్న భరోసా కూడా లేదు. ఊళ్లో ఉన్న అన్న వచ్చేదాకా ఆగాల్సిందే.

ఇదంతా నగరాల్లోని ఉన్నత వర్గాల ఆలోచన అని కేంద్రం కోర్టుకు చెప్పింది. నేను దీన్ని అస్సలు ఒప్పుకోను. డబ్బున్నవాళ్లు లాయర్లను పెట్టుకుని ఏదో ఒక దారి చూసుకుంటారు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన అమ్మాయికి ఏ దారీ ఉండదు. భాగస్వామితో ఉన్నందుకు కన్నవాళ్లు నిర్బంధించిన ఒక యువతి కేసు 2025 మేలో మద్రాస్ హైకోర్టుకు వచ్చింది. ఆమెను తన ఇష్టప్రకారం వెళ్లనివ్వాలని కోర్టు చెప్పింది. రక్తసంబంధంతో, పెళ్లితో ఏర్పడేదే కాదు, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమేనని రాసింది. ఇలాంటి వాళ్లు తమ బతుకు తాము బతకడానికి ఒక్కొక్కరూ హైకోర్టు దాకా వెళ్లాలా?

సమాజం ఇంకా సిద్ధంగా లేదన్నది మరో మాట. తైవాన్‌లో 2017లో రాజ్యాంగ న్యాయస్థానం రెండేళ్ల గడువు ఇచ్చింది. మధ్యలో 2018లో రిఫరెండం పెడితే జనం వ్యతిరేకంగానే ఓటేశారు. అయినా 2019 మేలో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. అంత దూరం వెళ్లక్కర్లేదు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్ట సవరణ తెచ్చింది. అప్పుడు ఊరూరా పెద్దల సమ్మతి తీసుకుని ఉంటే అది జరిగేదా? కేంద్రం ఆ పని 2005లో చేసింది. దేశానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే దారి చూపించిన రాష్ట్రం, 2023లో వ్యతిరేకమని జవాబు పంపడం నాకు చాలా బాధ కలిగించింది.

వివాహం, దత్తత, వారసత్వం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, అంటే వాటిపై కేంద్రమూ రాష్ట్రాలూ చట్టాలు చేయొచ్చు. కాబట్టి అంతా ఢిల్లీ చేతిలో ఉందని మన అసెంబ్లీలు తప్పించుకోలేవు. కనీసం వారసత్వం, ఆస్పత్రి సంతకం విషయాల్లో బిల్లు పెట్టి రాష్ట్రపతి ఆమోదానికి పంపొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడున్న ప్రభుత్వం పాత జవాబుకు కట్టుబడి ఉందో లేదో ముందు చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వమూ తన వైఖరి బయటపెట్టాలి. ఈ జంటలకు ఏయే హక్కులు ఇవ్వొచ్చో చూడటానికి క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కేంద్రం 2024 ఏప్రిల్‌లో కమిటీ వేసింది. రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది ఎంపీలు ఉన్నారు. ఆ కమిటీ ఏయే హక్కులకు ఒప్పుకుందో, వాటికి చట్టం ఎప్పుడు తెస్తారో వచ్చే సమావేశాల్లో ప్రశ్న వేసి లిఖితపూర్వక సమాధానం రాబట్టాలని వాళ్లందరినీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి