మా టికెట్‌ని మళ్లీ మూసేసే ముందు ఇది పూర్తిగా చదవండి

సపోర్ట్ మేనేజర్ గారికి,

మీ మ్యాప్ డేటాబేస్ సర్వీస్ కొత్తగా వచ్చినప్పట్నుంచి డబ్బులు కడుతున్నా. ఎన్నిసార్లు సర్వర్ ఆగినా గొడవ పెట్టుకోలేదు, తెలిసినవాళ్లక్కూడా మీ దగ్గరే పెట్టుకోమని చెప్పా. అలాంటి నాకు మీరిచ్చే మర్యాద ఇదేనా?

విషయం చిన్నదే. మీ ఇంపోర్ట్ టూల్ మ్యాప్ మీద మా పాయింట్లకి ఎస్ఆర్ఐడీ (నంబర్లు ఏ కొలత పద్ధతిలో ఉన్నాయో చెప్పే కోడ్) 4326 బదులు 3857 అని వేసింది. మా నంబర్లు డిగ్రీల్లో ఉన్నాయి, అంటే 4326, కానీ 3857 అంటే మీటర్లు, దాంతో పాయింట్లన్నీ ఆఫ్రికా పక్కన సముద్రంలో సున్నా సున్నా దగ్గర కుప్పగా పడ్డాయి. వేరే టేబుల్‌తో జాయిన్ చేస్తే మిక్స్‌డ్ ఎస్ఆర్ఐడీ అని ఎర్రర్.

ఇది చెప్తే మొదటాయన బ్రౌజర్ క్యాషే క్లియర్ చెయ్యమన్నాడు. తప్పు టేబుల్లో ఉందండీ అంటే మ్యాప్ టీమ్‌కి పంపాడు, వాళ్లు డేటాబేస్ టీమ్ అన్నారు, వాళ్లేమో మీ ప్లాన్ ఏంటో చూడాలని బిల్లింగ్‌కి తోశారు, ప్రతిచోటా కథ మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సిందే, పాత టికెట్ ఎవరూ తెరిచి చూడరు. చివరికి చాట్‌లో ఒకావిడ ఎస్‌టీ ట్రాన్స్‌ఫార్మ్ (నంబర్లని ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి మార్చే కమాండ్) కొట్టండి సరిపోతుంది అన్నారు. సరిపోదు! అది 3857 నిజమని నమ్మి లెక్క వేస్తుంది, 80 డిగ్రీల లాంగిట్యూడ్‌ని 80 మీటర్లు అనుకుని 0.0007 డిగ్రీలు చేసేస్తుంది. అది అప్‌డేట్ చేసి సేవ్ చేస్తే మా ఒరిజినల్ నంబర్లే పోతాయి. ఇక్కడ నంబర్లు కరెక్టే, తప్పు లేబుల్‌ది, దానికి నంబర్లు ముట్టుకోకుండా లేబుల్ మాత్రం మార్చే ఎస్‌టీ సెట్‌ఎస్ఆర్ఐడీతో 4326 పెట్టాలి, లేదా కాలమ్ మొత్తానికీ లేబుల్ మార్చే అప్‌డేట్‌జామెట్రీఎస్ఆర్ఐడీ ఒక్క లైన్ చాలు. ఇదంతా వివరంగా రాస్తే జవాబు లేదు, టికెట్ మాత్రం పరిష్కారమైంది అని మూసేశారు. ఎవరికి పరిష్కారమైంది?

ఆ లైన్ నేనే రన్ చేసుకునేవాణ్ణి, కానీ టేబుల్ ఓనర్ మీ ఇంపోర్ట్ యూజర్, నాకు టేబుల్‌ని ఆల్టర్ చేసే (మార్చే) హక్కు లేదు. ఆ ఓనర్‌షిప్ నాకివ్వండి, లేదా జామెట్రీ (డేటాబేస్‌లో మ్యాప్ పాయింట్ల డేటా) అంటే తెలిసిన మనిషి చేత చేయించండి. డేటా తప్పుగా పడటం కన్నా, చెప్పేది ఒక్కరూ వినకపోవడమే నాకు ఎక్కువ మండుతోంది.

ఈసారి కూడా చదవకుండా మూసేస్తే డేటా మొత్తం డంప్ తీసుకుని వెళ్లిపోతా, కట్టిన డబ్బులు వెనక్కి అడుగుతా, వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తా. టికెట్ మళ్లీ తెరిచి, ఎవరు చూస్తున్నారో పేరుతో సహా రాయండి.