సరైన ఆలోచనకు ఒక మార్కు, తప్పు లెక్కకు రెండు: విద్యాశాఖ మంత్రి గారికి ఒక లెక్కల టీచర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఇరవై రెండేళ్లుగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. భౌతికశాస్త్రం టీచర్ లేని ఏడాది ఆ క్లాసులు కూడా నేనే తీసుకుంటాను. పబ్లిక్ పరీక్షలు అయ్యాక పేపర్లు దిద్దడానికి వెళ్లడం కూడా నాకు అలవాటైన పనే. అలా దిద్దిన రెండు పేపర్ల గురించి మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాలుగు మార్కుల ప్రశ్న అది. 4 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఫోటోను ఆకారం మారకుండా 10 సెంటీమీటర్ల వెడల్పుకు పెంచితే ఎత్తు ఎంత అవుతుంది? ఒక పేపర్‌లో జవాబు ఇలా ఉంది: "4 కి 6. ఇంకో 4 కి ఇంకో 6. మిగిలింది 2, అది 4 లో సగం, దానికి 3. మొత్తం 15." పక్కనే పెన్సిల్‌తో గీసిన చిన్న డబ్బా, దాన్ని రెండున్నర ముక్కలు చేస్తూ రెండు గీతలు. అంతే.

మాకిచ్చిన కీ పేపర్‌లో నిష్పత్తి రాస్తే ఒక మార్కు, సమీకరణం రాస్తే ఒకటి, సాధిస్తే ఒకటి, జవాబుకు ఒకటి అని ఉంది. ఈ పేపర్‌లో నిష్పత్తి అనే మాట లేదు, ఎక్స్ లేదు, అడ్డ గుణకారం లేదు. ఏం చేయమంటారని అక్కడి పైవాళ్లను అడిగితే, కీలో లేనిదానికి మార్కులు వేస్తే రేపు రీవాల్యుయేషన్‌లో మీరే జవాబు చెప్పుకోవాల్సి ఉంటుందన్నారు. ఒక్క మార్కు వేశాను. ఎవరో నా చేత వేయించారని ఇప్పుడు అనలేను, వేసింది నేనే.

అదే కట్టలో ఇంకో పేపర్. స్టెప్పులన్నీ వరసగా, అందంగా ఉన్నాయి. నిష్పత్తి మాత్రం తలకిందులైంది. 4 ను 6 తో గుణించి 10 తో భాగిస్తే 2.4 వచ్చింది. దాని కింద రెండు గీతలు కొట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఫోటోను పెద్దది చేస్తే 6 సెంటీమీటర్ల ఎత్తు 2.4 కి ఎలా తగ్గింది అనే అనుమానమే రాలేదు. స్టెప్ మార్కుల లెక్కన ఆ పేపర్‌కు 2 వచ్చాయి.

నిష్పత్తి అంటే ఏమిటో లోపలినుంచి తెలిసిన బిడ్డకు ఒకటి. తెలియని బిడ్డకు రెండు. ఇది మూల్యాంకనం చేసినవాళ్ల పొరపాటైతే మీకు రాసేదాన్ని కాదు. అందరం కీ ప్రకారమే నడుచుకున్నాం. మేం కొలుస్తున్నది పిల్లల ఆలోచనను కాదు, మేం నేర్పిన పద్ధతిని వాళ్లు ఎంత బాగా అప్పజెప్పారన్నదాన్ని.

ఈ సమస్య ఒక్క చోటిది కాదు, కొత్తదీ కాదు. 1980ల మొదట్లో అమెరికాలో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. ఒక్కో బస్సులో 36 మంది సైనికులు పడతారు, 1128 మందిని తీసుకెళ్లడానికి ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. కానీ బస్సులు 32 అని రాసింది 23 శాతం మందే. 29 శాతం మంది "31, శేషం 12" అని రాశారు. శేషంగా మిగిలిన ఆ పన్నెండు మంది మనుషులని, వాళ్లకూ ఒక బస్సు కావాలని ఆ పిల్లలకు తట్టలేదు. ఎందుకంటే లెక్క చేసేటప్పుడు బస్సుల్ని, సైనికుల్ని పక్కన పెట్టి అంకెల్ని మాత్రమే చూడాలని అప్పటికే వాళ్లకు అలవాటైపోయింది. భాగహారం మాత్రమే అడిగితే ఈ సంగతి బయటపడేదే కాదు.

మీ శాఖలో ఈ విషయాన్ని ఎవరూ పట్టించుకోలేదని నేను అనడం లేదు. ప్రశ్నపత్రాలకు బ్లూప్రింట్ ఉంటోంది. జ్ఞాపకానికి ఇన్ని మార్కులు, అవగాహనకు ఇన్ని, అనువర్తనానికి ఇన్ని, విశ్లేషణకు ఇన్ని అని పంచుతున్నారు. 1956లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు చేసిన ఆలోచన స్థాయిల వర్గీకరణ, 2001లో దానికి చేసిన సవరణ దీనికి ఆధారం. ఉద్దేశం మంచిదే. కానీ మనం దాన్ని వాడే తీరులోనే పెద్ద చిక్కుంది. ఆలోచన స్థాయి ప్రశ్నకు అంటించే లేబుల్ అనుకుంటున్నాం. "విశ్లేషించండి" అని మొదలుపెడితే అది విశ్లేషణ ప్రశ్న అయిపోతుందా? అదే ప్రశ్న గైడ్‌లో ఉండి, దాని జవాబు బిడ్డ పదిసార్లు రాసి ఉంటే అది బట్టీ ప్రశ్నే కదా. ఎప్పుడూ చూడని బిడ్డకు మాత్రం అతి మామూలు కూడిక కూడా నిజమైన ఆలోచన అవుతుంది. స్థాయి ప్రశ్నలో ఉండదు, ఆ ప్రశ్నకు ఆ బిడ్డ ఇచ్చిన జవాబులో ఉంటుంది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

జవాబును చదివి స్థాయిని చూసే పద్ధతులు ఉన్నాయి. 1982లో జాన్ బిగ్స్, కెవిన్ కాలిస్ ప్రతిపాదించిన సోలో వర్గీకరణ అలాంటిదే. దాన్ని నేను క్లాసులో ఎలా వాడతానో చెబుతాను. గాలి వీచే రోజు తడి బట్టలు తొందరగా ఎందుకు ఆరతాయి అని అడుగుతాను. "బట్టలు ఆరతాయి కాబట్టి" అని ఒకరు రాస్తారు, ప్రశ్నే ఇంకా అందలేదు. "గాలి వల్ల" అని ఒకరు, ఒక్క కారణం దొరికింది. "ఎండ, గాలి, గాలిలో తేమ తక్కువగా ఉండటం" అని ఇంకొకరు, కారణాలు మూడు దొరికాయి కానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు. మరో బిడ్డ ఇలా రాస్తుంది: "బట్టలో నీళ్లు ఆవిరై పక్కనున్న గాలిలో చేరతాయి. ఆ గాలి తేమతో నిండిపోతే ఇంక చోటుండదు. గాలి వీస్తే ఆ తేమ గాలి పోయి పొడి గాలి వస్తుంది." ఇక్కడ కారణాలు ఒక గొలుసయ్యాయి. ఎప్పుడో ఒకసారి ఒక బిడ్డ ఇంకా ముందుకెళ్లి, "అయితే తలుపులన్నీ మూసేసి ఫ్యాన్ వేస్తే కాసేపటికి ఆరడం నెమ్మదించాలి కదా టీచర్?" అంటుంది. అడగని ప్రశ్నకు కూడా జవాబు వెతకడం మొదలైంది. అయిదు జవాబులకూ ప్రశ్న ఒక్కటే. బ్లూప్రింట్‌లో ఆ ప్రశ్నను ఏ గడిలో పెడతారు?

తప్పు జవాబుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇందాకటి ఫోటో ప్రశ్నకు చాలామంది 12 అని రాస్తారు. వెడల్పు 6 పెరిగింది కాబట్టి ఎత్తూ 6 పెరగాలని వాళ్ల లెక్క. పేపర్ మీద అది సున్నా. కానీ అది గుడ్డిగా రాసింది కాదు. నిష్పత్తిని తేడాగా చూసే ఆలోచన అది, అక్కడినుంచే ఆ బిడ్డను ముందుకు తీసుకెళ్లాలి. పోయిన ఏడాది 12 రాసిన ఒక అబ్బాయిని పిలిచి కూర్చోబెట్టాను. "1 సెంటీమీటర్ వెడల్పు, 3 సెంటీమీటర్ల పొడవు ఉన్న సన్నటి పట్టీ ఉంది. దాన్ని 10 వెడల్పుకు పెంచు" అన్నాను. "9 పెరిగింది. అంటే పొడవు 12" అన్నాడు వెంటనే. గీయమన్నాను. స్కేలు పెట్టి 10, 12 కొలిచి గీశాడు. కాసేపు దాన్నే చూశాడు. "ఇది పట్టీ కాదు టీచర్, పలకలా అయిపోయింది" అన్నాడు. తర్వాత తనే చెరిపేసి, "పది రెట్లు పెరగాలి, 30 ఉండాలి" అన్నాడు. మొత్తం అయిదు నిమిషాలు పట్టి ఉంటుంది. అతని పాత పేపర్ మీద సున్నా చూసిన వాళ్లెవరికీ అతను ఈ మలుపుకు ఇంత దగ్గర్లో ఉన్నాడని తెలిసే వీలు లేదు.

భౌతికశాస్త్రంలో ఇది ఇంకా లోతుగా దాక్కుని ఉంటుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి విసిరిన బంతి ఎంత ఎత్తుకు వెళ్తుందంటే సూత్రంలో అంకెలు వేసి 20 మీటర్లు అని చాలామంది రాసేస్తారు. బంతి పైకి పోతుండగా దాని మీద ఏ బలాలు ఉన్నాయని అడిగి చూడండి. "చేతి బలం ఇంకా ఉంది, అది తగ్గుతూ తగ్గుతూ పైన అయిపోతుంది" అంటారు, అదీ ఫస్టు మార్కులు వచ్చే పిల్లలు. చెయ్యి వదిలాక చేతి బలం ఉండదని, పైన ఆగినట్టు కనిపించే ఆ క్షణంలో కూడా భూమి లాగుతూనే ఉంటుందని వాళ్లు నమ్మరు. 1992లో డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు బలం, చలనం గురించి లెక్కలేమీ లేకుండా, ఇలాంటి సహజమైన అపోహలనే ఆప్షన్లుగా పెట్టి ఒక పరీక్ష తయారుచేశారు. సూత్రాలతో కష్టమైన లెక్కలు చేయగల విద్యార్థులు కూడా అందులో తడబడ్డారని తర్వాత ఎన్నో కాలేజీల్లో తేలింది. లెక్క రావడం, విషయం అర్థం కావడం వేర్వేరని తెలుసుకోవడానికి అంతకన్నా స్పష్టమైన రుజువు ఏముంటుంది?

ఇదంతా బాగానే ఉంది, లక్షల పేపర్లు దిద్దేటప్పుడు ఎలా కుదురుతుంది అని మీ అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒకే జవాబుకు ఒక టీచర్ ఒక స్థాయి, ఇంకొకరు ఇంకో స్థాయి ఇస్తే పిల్లలకు అన్యాయం జరుగుతుంది. అందుకే పరీక్ష మొత్తం మార్చమని అడగడం లేదు. పేపర్‌కు రెండు ప్రశ్నలు చాలు. ఏ గైడ్‌లోనూ లేనివి, జవాబుతో పాటు "ఎందుకలా అనుకుంటున్నావు" అని అడిగేవి. వాటి కీలో ఒకే ఒక్క మోడల్ జవాబు కాకుండా, పిల్లలు నిజంగా రాసిన జవాబులు, ఒక్కో స్థాయికి మూడు నాలుగు చొప్పున ఇవ్వండి. దిద్దడం మొదలుపెట్టే ముందు ఒక పూట మేమంతా కూర్చుని అవే పేపర్లు విడివిడిగా దిద్ది, తేడా వచ్చినచోట మాట్లాడుకుంటే సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆలోచన అంటే మాటల్లో చెప్పగలగడమే అనుకుంటే మళ్లీ తప్పు చేసినవాళ్లం అవుతాం. నోరు విప్పని పిల్లలుంటారు, రాయడం కష్టమైన పిల్లలుంటారు. ఆ డబ్బా గీసిన బిడ్డ ఆలోచన సగం ఆ బొమ్మలోనే ఉంది. బొమ్మ, పట్టిక, చేతితో చూపించడం, అన్నీ వివరణలే.

మీరు తప్పకుండా వినాలని కోరుతున్నది ఇంకొకటి. ఈ స్థాయిల్ని ర్యాంకులుగా మార్చవద్దు. ఏ స్కూల్లో ఎంతమంది ఏ స్థాయిలో ఉన్నారని పేపర్లలో వేస్తే, మరుసటి ఏడాదికల్లా "నాలుగో స్థాయి జవాబులు" బట్టీ పట్టించే పుస్తకాలు వచ్చేస్తాయి. టీచర్ల మీద టార్గెట్లు, పిల్లల మీద టెన్షన్ మొదలవుతాయి. 1988లో రూత్ బట్లర్ చేసిన అధ్యయనంలో, మార్కులు లేకుండా వ్యాఖ్య మాత్రమే రాసిచ్చిన పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. మార్కు, వ్యాఖ్య రెండూ ఇచ్చినవాళ్లకు ఆ మేలు దక్కలేదు. నా క్లాసులోనూ అంతే, అంకె కనిపిస్తే పక్కన రాసిన మాటను ఎవరూ చదవరు. స్థాయి తెలియాల్సింది టీచర్‌కు, బిడ్డకు. రేపు క్లాసులో ఏం చేయాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

దానికి మాకు టైమ్ కావాలి. ఏడాదికి రెండుసార్లు ఒక్కో బిడ్డతో పది నిమిషాలు కూర్చుని, ఒక్క ప్రశ్న ఇచ్చి, చేస్తూ బయటకు చెప్పమని వినే వీలు కల్పించండి. యాభై మంది ఉన్న క్లాసుకు అది ఏడాదికి వెయ్యి నిమిషాలు. సిలబస్ పూర్తయిందో లేదో అడిగే ప్రొఫార్మాలు నింపడానికి ఇంతకన్నా ఎక్కువే పడుతోంది, వాటిలో కొన్ని తగ్గిస్తే సరిపోతుంది. కొత్త యాప్ మాత్రం ఇవ్వొద్దు.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో కావని నాకు తెలుసు. కానీ రాబోయే పరీక్షల మూల్యాంకనం లోపు, డబ్బు ఖర్చు లేకుండా, మీ ఒక్క సంతకంతో జరిగే పని ఒకటుంది. లెక్కలు, సైన్స్ కీ పేపర్ల మొదటి పేజీలో ఈ మాటలు చేర్చండి: "కీలో చూపిన పద్ధతి ఒక దారి మాత్రమే. విద్యార్థి వేరే దారిలో సరిగ్గా ఆలోచించి జవాబు చేరుకుంటే పూర్తి మార్కులు ఇవ్వాలి. దీనికి మూల్యాంకనం చేసినవారిని ఎవరూ సంజాయిషీ అడగరాదు." ఆ చివరి వాక్యం మాత్రం తీసేయొద్దు. ఆ రోజు అది ఉండి ఉంటే నేను నాలుగు మార్కులూ వేసేదాన్ని.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్