జిల్లా కలెక్టర్ గారికి: మా పిల్లలను తొట్లకొండ మీద రెండు గంటలు కూర్చోనివ్వండి

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను ఇద్దరు పిల్లలను బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదివించుకుంటున్న తల్లిని. మా పిల్లలకూ, ఇలాగే చదువుకుంటున్న మరికొన్ని ఇళ్ల పిల్లలకూ కలిపి నెలకు రెండుసార్లు మన ఊరి చరిత్రను బొమ్మలు గీయిస్తూ చెబుతున్నాను. బడి నుంచి లేఖ తెస్తే తప్ప చారిత్రక స్థలాల్లో పిల్లలను గుంపుగా కూర్చోనివ్వమంటూ ఆ పనికి అడ్డొస్తున్న ఒక చిన్న నిబంధన గురించి ఈ లేఖ.

పాత బౌద్ధారామ శిథిలాలున్న తొట్లకొండకు వెళ్లినప్పుడు బౌద్ధం గురించి నేను ముందుగా ఏమీ చెప్పను. రాతిలో తొలిచిన తొట్టినొకదాన్ని ఎంచుకుని, దాని అంచునూ లోతునూ కనిపించినంత మేరకు గీయమంటాను. అరగంట గడిచేసరికి ఎవరో ఒకరు తలెత్తి, ఇంత ఎత్తు మీద వాళ్లకు నీళ్లెక్కడివని అడుగుతారు. వాననీటిని పట్టి దాచుకున్న భిక్షువుల సంగతి చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. ఈ తొట్ల వల్లే కొండకు ఆ పేరు వచ్చిందనీ, 1970లలో నౌకాదళం వారి సర్వేలో ఈ స్థలం వెలుగులోకి వచ్చిందనీ, 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలలో స్తూపం, విహారాలతో పాటు శాతవాహనుల నాణేలూ రోమన్ వెండి నాణేలూ దొరికాయనీ అప్పుడు చెబితే, ఆ సంవత్సరాలను పిల్లలు తమంతట తామే బొమ్మ పక్కన రాసుకుంటారు. విహారాల పునాదులను గీసేటప్పుడు గదులు లెక్కపెట్టక తప్పదు. లెక్కపెట్టాక, ఇంతమందికి అన్నం ఎవరు పెట్టేవారన్న ప్రశ్న రాక తప్పదు.

పాత ఊళ్లోనూ ఇదే పద్ధతి. 1933లో ప్రారంభమైన ఓడరేవును, దాని వెనుక గుడి, దర్గా, చర్చి ఉన్న మూడు కొండలను గీస్తున్నప్పుడు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ రేవు మీద బాంబులు వేశాయని చెబితే, అప్పటికి రేవుకు పదేళ్లైనా నిండలేదని లెక్క కట్టింది మా అమ్మాయే. బీచ్ ఒడ్డున మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి లోపల ఆగనివ్వమని మాత్రం నేను అడగను. అక్కడి ఇరుకు నాకు తెలుసు. మేము బయట నుంచే గీసుకుంటాం.

కిందటి చలికాలంలో ఒక సందర్శన స్థలంలో మా చేతుల్లోని బొమ్మలు గీసే అట్టలను చూసి కాపలాదారు ఏ బడి అని అడిగారు. ఏ బడీ కాదన్నాం. బడి లెటర్‌హెడ్ మీద ప్రధానోపాధ్యాయుల సంతకం లేనిదే గుంపుగా కూర్చోనివ్వడం కుదరదన్నారు. ఆయనను తప్పుపట్టను; ఆయనకిచ్చిన నిబంధనలో మా వంటి వారి ఊసే లేదు. అయితే పక్కనే సెల్ఫీల కోసం అంతకంటే పెద్ద గుంపు గంటసేపు నిలబడినా ఎవరూ ఏమీ అడగలేదు.

మా పిల్లలు చదువు మానేసినవారు కారు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ పద్నాలుగేళ్ల లోపు పిల్లల కోసం మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానంగా ఎ, బి, సి స్థాయిలు నడుపుతోంది. ఆ నమోదు పత్రం గానీ, తల్లిదండ్రుల హామీ పత్రం గానీ చూపిస్తే తొట్లకొండలో, అలాంటిదే మరో బౌద్ధ స్థలమైన బావికొండలో, విశాఖ మ్యూజియంలో బడి పిల్లలతో సమానంగా అనుమతించేలా సంబంధిత శాఖలతో మాట్లాడవలసిందిగా కోరుతున్నాను. రద్దీ లేని రోజున ఉదయం పూట రెండు గంటలు చాలు. పెన్సిళ్లూ కూర్చోవడానికి చాపలూ తప్ప రంగులు తీసుకురాము, రాళ్లను తాకము. తవ్వకాల ప్లాను నకలు ఒకటి ఇప్పించగలిగితే, పిల్లలు తమ బొమ్మను దానితో పోల్చి సరిదిద్దుకుంటారు.

2019లో వర్షాలకు తొట్లకొండ స్తూపంలో కొంత భాగం కూలి, తర్వాత మళ్లీ కట్టిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అందుకే పిల్లలు గీసిన ప్రతి బొమ్మ మీద తేదీ వేయించి, ఒక నకలును ఆయా స్థలాల కార్యాలయాలకు ఇస్తాం. అనుమతి వస్తే బావికొండతో మొదలుపెడతాం.

భవదీయురాలు,
ఒక తల్లి, విశాఖపట్నం