సారు డిజిటల్ కీ ఆపరేటర్ డ్రాయర్‌లో ఎందుకుంది?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల పొలం కాగితాల పని మీద ఒక ఆఫీసుకు వెళ్లాను (ఏ ఆఫీసో రాయను, ఒక చిరుద్యోగి పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు). సారు మీటింగుకు వెళ్లారు, సాయంత్రం దాకా రారన్నారు. రేపు రమ్మంటారేమో అనుకుంటుండగా కంప్యూటర్ ఆపరేటర్ "కూర్చోండి అంకుల్, అయిపోతుంది" అని డ్రాయర్ లాగి, ఎర్ర దారం కట్టిన పెన్‌డ్రైవ్ లాంటిది తీసి సిస్టమ్‌కు పెట్టాడు. అది సారు డిజిటల్ సంతకం కీ. దాని పిన్ నంబరు మానిటర్ అంచున పసుపు కాగితం మీద రాసి అంటించి ఉంది, నేను కూర్చున్న చోటికే కనిపిస్తోంది. పది నిమిషాల్లో పనైపోయింది, సంతోషంగానే బయటికొచ్చాను. బస్సెక్కాక మొదలైంది టెన్షన్. ఇంత సులువుగా నా పొలం ఇంకొకరి పేరు మీదికి పోవడానికి కూడా పది నిమిషాలు చాలు కదా! అప్పుడు రికార్డులో కనిపించేది సారు సంతకమే, చేసిందెవరో తేల్చడం ఎవరి తరం?

నేను బ్యాంకులో ముప్పై రెండేళ్లు పనిచేశాను. స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు, ఒకటి మేనేజర్ దగ్గర, ఒకటి హెడ్ క్యాషియర్ దగ్గర, ఏ ఒక్కరూ ఒంటరిగా తెరవలేరు. అది అనుమానం కాదు, రేపు లెక్క తేడా వస్తే తప్పు చేయనివాణ్ని కాపాడేది ఆ పద్ధతే. కంప్యూటర్లు వచ్చాక కూడా ఎంట్రీ వేసేది ఒకరు, పాస్ చేసేది ఇంకొకరు. దీనికి తోడు కంప్యూటర్ రంగం వాళ్లు లీస్ట్ ప్రివిలేజ్ అనే సూత్రం కూడా చెబుతారు, అంటే చేసే పనికి ఎంత కావాలో అంతవరకే అనుమతి, పని మారితే అదీ వెనక్కి.

చూడనివ్వడం కూడా అనుమతే. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించే దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు తీసుకుని, రబ్బరు ముద్రలు చేయించి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఇల్లు అమ్మినవాళ్ల వేలిముద్ర ఊరందరికీ ఎందుకు కనిపించాలి?

డిజిటల్ కీని తన అదుపులోనే ఉంచుకోవాలని ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం 42వ సెక్షన్ అధికారికి చెబుతూనే ఉంది. ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు, ఫైలు పెండింగ్ పడితే పైనుంచి మాట పడేది అతనే. అతనికి సొంత లాగిన్ ఇవ్వండి, అందులో డేటా ఎంట్రీ తప్ప సంతకం పెట్టే దారి ఉండకూడదు. సారు ఊళ్లో లేకపోతే ఇన్‌ఛార్జికి తన సొంత కీతో, ఆ రోజులకే అధికారం ఇవ్వండి. బదిలీ అయినా, కాంట్రాక్టు ముగిసినా అదే సాయంత్రం లాగిన్ ఆగిపోవాలి. నా సర్వే నంబరులో ఎవరైనా మార్పు చేస్తే ఎవరి లాగిన్‌తో, ఏ టైముకు చేశారో నా ఫోనుకు మెసేజ్ రావాలి.

ఈలోపు కలెక్టర్లు ముందుగా చెప్పకుండా ఒక్కసారి మండల ఆఫీసులకు వెళ్లి, ఫైళ్లకంటే ముందు మానిటర్ల అంచులు, టేబుల్ డ్రాయర్లు చూడాలని కోరుతున్నాను.

— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ